పాఫ్కోకు రబ్బరు బ్యాండు

మావారికి ఓడిపోయినవాళ్ళంటే ప్రాణం. అమెరికా వచ్చిన మనవాళ్ళు ముందు కారు కొంటారు, తర్వాత ఇల్లు కొంటారు, ఆపైన పొట్ట తగ్గడానికి గోల్ఫు కర్రలు కొంటారు. ఈయన 1950ల నాటి బేస్‌బాల్ ఆటగాళ్ళ బొమ్మల కార్డులు కొంటారు. అవీ పేరున్నవాళ్ళవి కావు. మేటి ఆటగాడు మికీ మ్యాంటిల్‌ది, 1952లో టాప్స్ కంపెనీ వేసిన కార్డు ఒకటి 2022 వేలంలో కోటీ 26 లక్షల డాలర్లు పలికింది. ఆ జోలికి పోలేక, 'గుర్తింపు దక్కనివాళ్ళే అసలు ఆటగాళ్ళు' అని ఒక సిద్ధాంతం చేసుకున్నారు.

న్యూజెర్సీ ఎడిసన్‌లో మా ఇంటికి భోజనానికి వచ్చిన ఏ అతిథీ హార్వీ హ్యాడిక్స్ కథ వినకుండా పెరుగన్నం దాకా చేరలేదు. నాకైతే కంఠతా వచ్చు. 1959 మే 26, మిల్వాకీ. పిట్స్‌బర్గ్ జట్టు పిచ్చర్ (బంతి విసిరేవాడు) హ్యాడిక్స్ జలుబుతో ముక్కు చీదుకుంటూనే 12 ఇన్నింగ్స్ వేసి, వరసగా 36 మందిని మొదటి బేస్ కూడా తొక్కనివ్వలేదు. తొమ్మిది ఇన్నింగ్స్ అలా వేస్తేనే చరిత్ర. కానీ సొంత జట్టు 12 హిట్లు కొట్టీ ఒక్క పరుగు తీయలేకపోయింది. పదమూడో ఇన్నింగ్స్‌లో సాటి ఆటగాడు బంతి తప్పు విసిరాడు, ఆట 1-0తో పోయింది. అది చాలదన్నట్టు 1991లో పెద్దలు కూర్చుని నిర్వచనం మార్చి, నో-హిట్టర్ల (ఎదుటి జట్టుకు ఒక్క హిట్టూ ఇవ్వని ఆటల) జాబితాలోంచి కూడా ఆ ఆటను కొట్టేశారు. ఇక్కడికి వచ్చేసరికి మావారి గొంతు జీరబోతుంది. అతిథి సాంబారు గిన్నె వైపు చూస్తాడు.

ఇంకో పిచ్చర్ నెడ్ గార్వర్‌ది కాస్త పొట్టి కథ. 1951లో సెయింట్ లూయిస్ బ్రౌన్స్ జట్టు 102 ఆటలు ఓడి 52 గెలిస్తే, అందులో 20 ఈయన ఖాతాలోవే. ఆఫీసులో తన పరిస్థితీ అదేనని మావారి గట్టి నమ్మకం.

అందరికన్నా ముద్దుబిడ్డ మాత్రం ఆండీ పాఫ్కో. 17 సీజన్లు ఆడి 213 హోమ్ రన్లు (మన సిక్సర్ల లాంటివి) కొట్టాడు, పాపం. జనానికి గుర్తున్నది ఒకటే: 1951 అక్టోబరులో ఎదుటి జట్టు బాబీ థామ్సన్ కొట్టిన గెలుపు బంతి నెత్తి మీదుగా పోతుంటే, పోలో గ్రౌండ్స్ గోడ దగ్గర నిలబడి చూసినవాడు. మరుసటి ఏడు టాప్స్ కంపెనీ 407 కార్డుల సెట్టు వేసి ఒకటో నంబరు ఈయనకిచ్చింది. ఆ గౌరవమూ అచ్చిరాలేదు. పిల్లలు కార్డులను నంబరు వరసలో పేర్చి రబ్బరు బ్యాండు వేసేవాళ్ళట. పైనున్న పాఫ్కోయే నలిగేవాడు. అందుకే నలగని పాఫ్కో దొరకడం గగనం. 1998లో అలాంటిదొకటి 80 వేల డాలర్లు దాటింది. మావారిది ఆ జాతి కాదు. నాలుగు మూలల్లో రెండు మాత్రం బాగుంటాయి. ఆ రెండు మూలల కోసమే నెలల తరబడి కూడబెట్టారు.

ఇంతలో తెనాలి నుంచి మా అత్తయ్య వచ్చారు. ఆవిడ ఊరికే కూర్చోలేరు. మేమిద్దరం ఆఫీసుకు వెళ్ళిన పూట ఇల్లు సర్దారు.

సాయంత్రం మావారు మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తలుపు తీసి అలాగే నిలబడిపోయారు. పాలడబ్బాకు ఆనించి, కార్డులు దాచే తొమ్మిది జేబుల ప్లాస్టిక్ షీటు. హ్యాడిక్స్ ఉండవలసిన జేబులో కరివేపాకు రెబ్బ. గార్వర్ స్థానంలో మూడు పచ్చిమిరపకాయలు, తొడిమలు తీసి మరీ.

"అమ్మా, ఇందులో కార్డులుండాలి..."

"భద్రంగా ఉన్నాయిరా. పేకముక్కలకు ఇన్ని కవర్లెందుకు? వరసా వావీ లేకుండా ఉంటే, వెనకాల నంబర్లు చూసి ఒకటి నుంచి పేర్చాను. జారిపోకుండా కట్టాను కూడా."

మిఠాయి డబ్బా మూత తీశారు. అన్నిటికన్నా పైన పాఫ్కో. కొత్తిమీర కట్టకు వచ్చిన నీలం రబ్బరు బ్యాండు, రెండు చుట్లు. ఇంకా తడి ఆరలేదు. దాన్ని విప్పడానికి మావారికి పట్టినంత సేపు మా పెళ్ళిలో బ్రహ్మముడి విప్పడానికి కూడా పట్టలేదు. నడుము దగ్గర రెండు వైపులా నొక్కు. బాగున్న మూలలు ఇప్పుడు ఒకటి.

కన్నతల్లిని ఏమనగలరు? బ్రూక్లిన్‌లో 1952 నాటి పిల్లలు ఏం చేశారో, ఎందుకు చెయ్యకూడదో నెమ్మదిగా వివరించారు. ఆవిడ శ్రద్ధగా విన్నారు.

"ఈ కార్డులు అమ్ముడుపోలేదని ఆ కంపెనీవాళ్ళే 1960లో పడవకెత్తి అట్లాంటిక్‌లో పారబోశారని మొన్న నువ్వే చెప్పావు కదరా. నేను డబ్బాలో పెట్టాను."

మావారి దగ్గర జవాబు లేదు. నాకు నవ్వు ఆగక వంటగది వైపు నడిచాను. నిజం చెప్పాలంటే కరివేపాకు ఎప్పుడూ లేనంత పచ్చగా ఉంది.

రాత్రి ఆయన మూతి ముడుచుకుని కంప్యూటర్ ముందు కూర్చుని కొత్త షీట్లు ఆర్డరు చేస్తుంటే, అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని వెనక నుంచి తొంగి చూశారు.

"ఇంకో రెండు ప్యాకెట్లు ఎక్కువ తెప్పించు నాన్నా. ఫోనులో చూపిస్తే మీ పిన్ని తనకూ కావాలంది."