ఇళ్లు లెక్కపెట్టారు, పిల్లల్ని లెక్కపెట్టలేదు

చాలా రోజులుగా రాద్దామనుకుంటూ వాయిదా వేస్తున్నాను. నిన్న సాయంత్రం కాలువ గట్టు మీద చూసింది చూశాక ఇక ఆగలేకపోయాను. వాన పడి గట్టంతా బురద. నలుగురు పిల్లలు చెప్పులు చేత్తో పట్టుకుని బడి నుంచి కాలనీకి నడిచి వెళ్తున్నారు. పక్కన కాలువ నిండుగా పారుతోంది. వెనకాల ఇసుక ట్రాక్టరు హారన్ కొడుతోంది. వాళ్లలో పెద్దపిల్ల చదివేది రెండో తరగతి. తమ్ముణ్ని లోపలి వైపుకి నెట్టి, తను కాలువ వైపు నడుస్తోంది. ఏడేళ్ల పిల్లకి ఆ జాగ్రత్త ఎవరు నేర్పారో తెలియదు. నాకైతే ఇంటికొచ్చాక అన్నం సహించలేదు.

మాది కృష్ణా డెల్టాలో ఒక మామూలు ఊరు. ఊరి బడి తల్లిదండ్రుల కమిటీలో నేనొక సభ్యురాలిని. కాలువ అవతల, ఊరికి రెండున్నర కిలోమీటర్ల దూరంలో, ఒకప్పటి పొలాల్లో కాలనీ వేశారు. నాలుగు వందల ప్లాట్లు. 2020 డిసెంబర్ 25న కాకినాడ దగ్గర కొమరగిరిలో మొదలుపెట్టి రాష్ట్రమంతా 30 లక్షలకు పైగా పట్టాలు ఇచ్చిన 'పేదలందరికీ ఇళ్లు' పథకంలోదే ఇదీ. ఊళ్లలో సెంటున్నర, అంటే సుమారు 72 గజాలు. ఇంటికి 1 లక్ష 80 వేలు. మొత్తం 17 వేలకు పైగా లేఅవుట్లు. "ఇళ్లు కాదు, ఊళ్లు కడుతున్నాం" అని అప్పట్లో అన్నారు.

నేను ఆ మాట నమ్మాను, ఇప్పటికీ ఆ మాట తప్పని అనను. అద్దె కొంపల్లో, అత్తగారి వరండాల్లో పదేళ్లు పదిహేనేళ్లు గడిపిన వాళ్లకి సొంత గడప అంటే ఏమిటో నాకు తెలుసు. కాలనీలో గృహప్రవేశాలకి వెళ్లి కళ్లనీళ్లు పెట్టుకున్నదాన్ని. కాబట్టి దయచేసి దీన్ని ఆ పార్టీ ఈ పార్టీ అని కామెంట్లలోకి లాగకండి. ఇందిరమ్మ కాలనీల రోజుల్లోనూ ఇదే జరిగింది. పట్నం పక్క ఊళ్లలో ప్రైవేటు వెంచర్లు వేసినప్పుడూ ఇదే జరుగుతోంది. ఎవరు వేసినా ముందు ప్లాట్లు, తర్వాత కరెంటు స్తంభాలు, ఆ తర్వాత నీళ్లు, ఎప్పటికో రోడ్డు. బడి మాట ఎవరికీ గుర్తుకు రాదు. నా కోపం ఆ వరస మీద.

పోయిన జూన్‌లో బడి తెరిచిన వారానికి కాలనీ నుంచి ఒకావిడ వచ్చింది. "అక్కా, మా వాణ్ని ఒకటిలో చేర్చుకుంటారా, సీటుందా?" అని అడిగింది. సర్కారు బడికి సీటుందా అని అడగడం నేను మొదటిసారి విన్నాను. ఎందుకలా అడిగావంటే, "రెండు గదులే ఉన్నాయంట కదక్కా, ఇద్దరే టీచర్లంట కదా, మా పక్కింటి వాళ్లు చేర్చి మానిపించారు" అంది. ఆవిడ చెప్పింది నిజమే. మా బడిలో 47 మంది పిల్లలు, ఐదు తరగతులు, ఇద్దరు మేడమ్‌లు. ఒక గదిలో ఒకటి, రెండు తరగతులు. ఇంకో గదిలో మిగతా మూడు. విద్యాహక్కు చట్టం లెక్క ప్రకారం 60 మంది లోపు పిల్లలుంటే ఇద్దరు టీచర్లు చాలు. కాగితం మీద మా బడికి ఏ లోటూ లేదు.

ఆ రోజే అనుకున్నాం, కాలనీలో అసలు ఎంతమంది పిల్లలున్నారో చూద్దామని. ఆఫీసుల్లో అడిగితే పట్టాల సంఖ్య చెప్పారు. బేస్‌మెంట్ స్థాయిలో ఎన్ని, రూఫ్ స్థాయిలో ఎన్ని, పూర్తయినవి ఎన్ని అని ఇంటింటి ఫొటోతో సహా చెప్పారు. పిల్లలెంతమంది అంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "అది మా సబ్జెక్టు కాదమ్మా" అన్నారు. వాళ్లని తిట్టాలని లేదు. ఆ మాట వాళ్లని ఎవరూ ఎప్పుడూ అడగలేదు, అంతే.

సరే, ఒక ఆదివారం మేం ముగ్గురం తల్లులం ఒక నోట్‌బుక్ పట్టుకుని వెళ్లాం. పొద్దున ఏడింటికి మొదలుపెడితే మధ్యాహ్నం రెండయింది. కాపురాలున్న ఇళ్లు 230. అంగన్‌వాడీ వయసు పిల్లలు, అంటే మూడేళ్ల నుంచి ఐదేళ్ల లోపు, 40 మంది. ఒకటి నుంచి ఐదు తరగతుల వయసు వాళ్లు 97 మంది. ఈ 97 మందిలో మా బడికి వచ్చేది పదకొండు మంది. ఆ పదకొండు మందిలోనే గట్టు మీద నడిచేవాళ్లు ఆ నలుగురు. మిగతా వాళ్లని పనికి వెళ్తూ వెళ్తూ తండ్రులు బండి మీద దింపుతారు. తిరిగి తీసుకెళ్లడం ఎవరికి కుదిరితే వాళ్లు.

ఇంకా 170 ప్లాట్లు సగం గోడలతోనో ఖాళీగానో ఉన్నాయి. అవీ నిండుతాయి.

ఇక్కడ ఒక విషయం నాకు ఆ నోట్‌బుక్ చూస్తేనే తెలిసింది. కాలనీ అంటే ఊరి లాంటి జనాభా కాదు. సొంత ఇల్లు లేని కుటుంబానికి, ఆడవాళ్ల పేరు మీద పట్టా అన్నారు. ఊళ్లో అలాంటి కుటుంబం ఎవరిది? ఎక్కువగా పెళ్లై ఐదారేళ్లయి, ఉమ్మడి ఇంట్లో చోటు చాలక వేరు పడిన జంటది. అంటే ఆ నిబంధనే చిన్న పిల్లలున్న ఇళ్లని ఏరి ఒకచోటికి చేర్చింది. పాత ఊళ్లో వంద ఇళ్లు తిరిగితే ముసలివాళ్లు కనిపిస్తారు, పిల్లలు హైదరాబాద్‌లోనో బెంగళూరులోనో ఉంటారు. కాలనీలో వంద ఇళ్లు తిరిగితే ప్రతి గుమ్మంలో ఉయ్యాల కనిపిస్తుంది. పట్టాల జాబితా రాసిన రోజే ఈ సంగతి తెలిసిపోవాలి.

కానీ పైన కూర్చుని చూసేవాళ్లకి రాష్ట్రం మొత్తం లెక్కే కనిపిస్తుంది. మన రాష్ట్రంలో సగటున ఒక స్త్రీకి 1.7 మంది పిల్లలే అని 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెప్పింది. జనాభా నిలకడగా ఉండాలంటే 2.1 కావాలి. కాబట్టి పిల్లలు తగ్గుతున్నారు, బడులు కలిపేయాలి, టీచర్లను సర్దాలి అన్న ఆలోచన వస్తుంది. ఆ ఆలోచన మొత్తం మీద తప్పని నేనడం లేదు. 2022లో జీవో 117 తెచ్చి, దగ్గర్లో హైస్కూలున్న చోట 3, 4, 5 తరగతుల్ని అక్కడికి తరలించారు. 2025లో దాన్ని ఎత్తేసి, తరగతికో టీచర్ ఉండేలా మోడల్ ప్రైమరీ స్కూళ్లు తెచ్చారు. మంచిదే. కానీ రెండుసార్లూ ముందు చూసింది రిజిస్టరులో పేరున్న పిల్లల్ని. ఫలానా తేదీ నాటికి రోల్ ఎంత అన్నదే ప్రశ్న. రెండున్నర కిలోమీటర్ల అవతల గుమ్మాల్లో ఆడుకుంటున్న 97 మంది ఆ రోల్‌లో లేరు.

టీచర్ లేరు కాబట్టి తల్లులు చేర్చరు. చేర్చలేదు కాబట్టి టీచర్ రారు. ఆ కాలనీ నుంచి ఇంకో యాభై మంది వచ్చినా మా బడి 90 దాటుతుంది. అప్పుడు చట్టం ప్రకారమే నలుగురు టీచర్లు ఉండాలి. టీచర్‌కి ఒక గది చొప్పున నాలుగు గదులుండాలి. ఇప్పుడున్నవి రెండు. ఎవరు ముందు కదలాలి? రోజు కూలీకి వెళ్లే తల్లి తన బిడ్డని కిక్కిరిసిన గదిలో కూర్చోబెట్టి, ఏడాది తర్వాత టీచర్ వస్తారని ఎదురుచూడాలా?

ఆ తల్లులు ఎదురుచూడలేదు. కాలనీకి కుళాయి రాకముందే ప్రైవేటు స్కూలు వ్యాను వచ్చింది. వాళ్ల మనిషి మాలాగే ఇంటింటికీ తిరిగాడట, పిల్లల వయసులు రాసుకున్నాడట. ఇద్దరు పిల్లల ఫీజు, వ్యాను చార్జీ కలిపి ఎంతవుతుందో అడిగి చూడండి. ఇంటి మీద ఇంకా అప్పు ఉంది. ప్రభుత్వం ఇచ్చిన డబ్బుతో ఇల్లు పూర్తయిన వాళ్లు మా కాలనీలో నాకు ఒక్కరూ కనిపించలేదు. ఆ అప్పు మీద ఈ ఫీజు. "ఇల్లొచ్చిందన్న మాటే గానీ అక్కా, అద్దె కట్టే డబ్బు ఇప్పుడు వ్యానుకి కడుతున్నాం" అని ఒకావిడ అంది. ఆ మాట ఇంకా నన్ను వదల్లేదు.

బడి సంగతి ఇలా ఉంటే, అంగన్‌వాడీ సంగతి ఇంకా దారుణం. ఒకటో తరగతి పిల్లాడు కష్టపడి నడుస్తాడనుకుందాం, మూడేళ్ల పిల్ల ఎలా నడుస్తుంది? నిబంధన ప్రకారం మైదాన ప్రాంతంలో 400 నుంచి 800 జనాభాకి ఒక కేంద్రం ఉండాలి. నాలుగు వందల ఇళ్లంటే ఇంటికి నలుగురు చొప్పున 1,600 మంది. అంటే రెండు కేంద్రాలు. ఉన్నది సున్నా. మూడేళ్లు దాటిన పిల్లలకి వేడి అన్నం కేంద్రంలోనే పెడతారు. కేంద్రం ఊళ్లో, పిల్లలు కాలనీలో. వాళ్ల పేర్లు మాత్రం పాత ఊరి కేంద్రం రిజిస్టరులో ఉన్నాయి. వారానికోసారి తల్లులెవరైనా వచ్చినప్పుడు గుడ్లు ఇచ్చి పంపుతోంది ఆ టీచరమ్మ. ఆమె మంచితనం మీద నడుస్తోంది ఈ ఏర్పాటంతా. నీళ్లూ అంతే. జల్ జీవన్ మిషన్ ప్రకారం మనిషికి రోజుకి 55 లీటర్లు, అంటే కాలనీకి 88 వేల లీటర్లు. ట్యాంకు ఎంతదో, బోరు ఎన్ని గంటలు పోస్తుందో ఆ లెక్క వేసే కట్టారా అన్నది వేరే పోస్టు రాయాలి.

నాకు అన్నిటికంటే బాధ ఏమిటంటే, ఈ సమాచారం అంతా మన ఊళ్లోనే ఉంది. ఇళ్ల జాబితా సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంట్ దగ్గరుంది. పుట్టిన పిల్లల దగ్గర్నుంచి ఆరేళ్ల వాళ్ల వరకూ పేర్లు అంగన్‌వాడీ టీచర్ దగ్గరున్నాయి. బడి పిల్లల లెక్క ఏటా యూడైస్‌లో, అంటే ప్రభుత్వ బడి లెక్కల సైటులో, ఎక్కించే హెడ్‌మేడం దగ్గరుంది. ముగ్గురూ రోజూ ఒకే రోడ్డు మీద ఎదురుపడతారు. ఈ మూడు పుస్తకాలూ ఒకే బల్ల మీద పెడితే మా ముగ్గురు తల్లులకి ఒక ఆదివారం పట్టిన పని వాళ్లకి గంటలో అయిపోతుంది. రాజ్యాంగం పదకొండో షెడ్యూల్లో పంచాయతీలకి ఇవ్వదగ్గ 29 అంశాలు రాశారు కదా, అందులో గ్రామీణ గృహనిర్మాణమూ ఉంది, ప్రాథమిక విద్యా ఉంది. రెండూ పంచాయతీ చేతిలో ఉండాల్సినవే. ఆచరణలో ఇళ్లు ఒక శాఖవి, పిల్లలు ఇంకో శాఖవాళ్లు.

మా పెదనాన్నగారి అమ్మాయి ఇంగ్లండ్‌లో ఒక పల్లెలాంటి చోట ఉంటుంది. వాళ్ల ఊరి పక్కన కొత్తగా ఇళ్లు కడతామని ఒక బిల్డర్ వస్తే, ముందు కౌన్సిల్ వాళ్లు ఇన్ని ఇళ్లకి ఇంతమంది బడి పిల్లలు వస్తారని లెక్క తీశారట. బడిలో చోటు లేకపోతే గదులు కట్టడానికి బిల్డర్ దగ్గర డబ్బు రాయించుకుంటారు. 1990 నాటి వాళ్ల ప్రణాళికా చట్టంలో సెక్షన్ 106 అని ఉంది, దాని కింద. అక్కడా ఇళ్లు ముందొచ్చి బడి ఆలస్యమైందని జనం గొడవ పడుతూనే ఉంటారని తనే చెప్పింది. కానీ గొడవ పడటానికి చేతిలో ఒక అంకె ఉంది కదా. మనకి ఆ అంకె కూడా లేదు.

ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే, కొత్త ప్రభుత్వం ఊళ్లలో 3 సెంట్లు, పట్టణాల్లో 2 సెంట్లు చొప్పున మళ్లీ స్థలాలు ఇస్తామంటోంది. ఇవ్వాలి, తప్పకుండా ఇవ్వాలి. కానీ ఈసారి లేఅవుట్ గీసేముందు, లబ్ధిదారుల దరఖాస్తులోనే పిల్లల సంఖ్య, వయసు ఒక గడిలో రాయించండి. ఎలాగూ రేషన్ కార్డు తీసుకుంటున్నారు, అందులో ఉన్నవే అవి. 1 కిలోమీటరు లోపు ప్రాథమిక పాఠశాల ఉండాలన్నది విద్యాహక్కు నిబంధనల్లో ఉన్నదే. కాబట్టి ఆ దూరం దాటిన లేఅవుట్ అయితే బడికి, అంగన్‌వాడీకి స్థలం ముందు వదిలి, హద్దురాళ్లు పాతి, అప్పుడు ప్లాట్లు గీయండి. తర్వాత చూద్దాం అన్న స్థలం ఏమవుతుందో అందరికీ తెలుసు. ప్రైవేటు లేఅవుట్లలో వదిలే పది శాతం ఖాళీ స్థలాల్లో ఎన్ని నిజంగా ఖాళీగా మిగిలాయో మీ ఊళ్లోనే చూడండి.

పాత కాలనీలకి పెద్ద భవనాలు కూడా అక్కర్లేదు. పిల్లల ఉధృతి పదేళ్లు ఉంటుంది, తర్వాత వాళ్లంతా హైస్కూలుకి వెళ్లిపోతారు. మా కాలనీకి ముందుగా ఒక అంగన్‌వాడీ, ఒకటి రెండు తరగతులకి రెండు గదులు, ఇద్దరు టీచర్లు చాలు. పెద్ద తరగతుల పిల్లలకి ఆటో ఏర్పాటు, కాలువ గట్టుకి ఒక వైపు రెయిలింగు. టీచర్లను మాత్రం రోల్ చూసి ఇవ్వకండి, ఒక్క రెండేళ్లు ఇళ్ల లెక్క చూసి ఇవ్వండి. రోల్ దానంతట అదే వస్తుంది.

మా కాలనీ మ్యాపులో మూల మీద 14 సెంట్లు "కమ్యూనిటీ స్థలం" అని రాసి ఉంది. ఇప్పుడక్కడ మిగిలిపోయిన కంకర కుప్ప ఉంది, రెండు గేదెలు కట్టేసి ఉన్నాయి. గ్రామసభలో ఇవ్వడానికి మా నోట్‌బుక్‌లోని పేజీలు పదకొండూ జెరాక్స్ తీయించాను. ఒకటి పంచాయతీకి, ఒకటి సచివాలయానికి, ఒకటి విద్యాశాఖకి, ఒకటి హౌసింగ్ వాళ్లకి. హెడ్‌మేడం చూసి, పిల్లల పేర్ల పక్కన ఇంటి నంబర్లు కూడా వేయమన్నారు. ఈ ఆదివారం మళ్లీ వెళ్తున్నాం.