స్వెటర్ చేసిన నేరం

మా ఇంటామెకు చేతి నొప్పి వచ్చింది. బొటనవేలి మొదట్లో సూది పెట్టి పొడిచినట్టుంటుంది. రాత్రిళ్లు వేళ్లు తిమ్మిరెక్కి మెలకువ వస్తుంది. దోషి ఎవరో మాకు వెంటనే తెలిసిపోయింది: కెనడాలో ఉన్న మనవడి కోసం ఆమె అల్లుతున్న స్వెటర్. హన్మకొండలో కూర్చుని స్వెటర్ అల్లడమే ఒక నేరం, మేలో ఊలు ఉండను చూసినా చెమట పడుతుంది.

డాక్టర్ రెండు ముక్కలు చెప్పారు. మణికట్టు దగ్గర ఇరుకైన దారిలో నరం నలుగుతోంది, అందుకే బొటనవేలు, చూపుడు, మధ్య వేళ్లు, ఉంగరపు వేలిలో సగం మొద్దుబారుతున్నాయి, చిటికెన వేలికి ఏమీ లేదు. బొటనవేలి నొప్పి వేరే: అక్కడ కండరాన్ని ఎముకకు కలిపే స్నాయువు తొడుగు వాచింది. దీన్ని 1895లో వివరించిన స్విస్ డాక్టర్ పేరే జబ్బుకు పెట్టారు, డి క్వెర్వెయిన్. ఆ పేరు పలికితే నా దవడకూ నొప్పే.

అల్లడం మానక్కర్లేదట. అరగంటకోసారి సూదులు పక్కన పెట్టి వేళ్లు చాపాలి. బిగించి పట్టకూడదు, మణికట్టు వంచకూడదు. మధ్యలో తీగ ఉన్న గుండ్రటి సూదులైతే స్వెటర్ బరువు ఒడిలో పడుతుంది. రాత్రి పట్టీ కట్టుకోవాలి. చేతిలోంచి వస్తువులు జారిపోతుంటే మాత్రం ఆలస్యం చేయకుండా రావాలి.

ఇంట్లో జంపఖానా పరిచి అందరం కూర్చున్నాం. వరంగల్ కొత్తవాడ సరుకు, వరంగల్ జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా వచ్చింది. దాన్ని నేసిన చేతుల సంగతి ఎజెండాలో లేదు. ఏకగ్రీవ తీర్మానం: స్వెటర్ బంద్.

అంతలో సంక్రాంతి. నానబెట్టిన అయిదు కిలోల బియ్యం పిండయింది. నువ్వులు, వాము కలిసాయి. ఆమె నేల మీద బట్ట పరిచి, నడుం వంచి, పిండిని వేళ్ల మధ్య మెలిపెడుతూ సకినాలు చుట్టింది. వరస మీద వరస, పొద్దున్నుంచి దీపాల వేళ దాకా. అదే మణికట్టు, అదే బొటనవేలు. కానీ సకినాల మీద ఎవరికీ అనుమానం రాలేదు.

"అత్తయ్యా, అరగంటైంది, లేస్తాను" అంది మధ్యలో.

"ఇంకొక్క వరసే బిడ్డా" అంది మా అమ్మ. నూనె కాగుతోంది మరి.

ఇక్కడ నేను బాధ్యతతో ఆలోచించాను. ఈ అరగంట నియమం ఊలుతో ఆగితే సరే. పిండిలోకి దిగిందంటే? అక్కడి నుంచి బట్టలు పిండడానికి, రొట్టెలు చేయడానికి పాకితే? ఆమె లేచిన ప్రతిసారీ ఆ పీట మీద ఎవరో ఒకరు కూర్చోవాలి, ఇంట్లో ఖాళీగా ఉన్నది నేనొక్కడినే.

అదృష్టవశాత్తూ నాకూ బొటనవేలు లాగింది. పండక్కి ఊరందరికీ ఫోన్‌లో శుభాకాంక్షలు పంపీ పంపీ. అమ్మ నాకు పూర్తి విశ్రాంతి ప్రకటించింది. మా ఇంటామె పట్టీ కట్టిన చేత్తో ప్లేటు తెచ్చింది. సకినాలు గట్టిగా ఉంటాయని, నేను కష్టపడకుండా ముక్కలు చేసి మరీ పెట్టింది.