బ్లాకౌట్ పిల్లలు చెప్పే యుద్ధం

2025 మే 7న పౌర రక్షణ మాక్‌డ్రిల్ కోసం విశాఖలోనూ హైదరాబాద్‌లోనూ సైరన్లు మోగాయి. ఇప్పటి పిల్లలకు అది ఫోన్లో వచ్చిన ఒక వీడియో. విశాఖలో అరవై దాటినవాళ్లకు మాత్రం 1971 డిసెంబరు నాటి భారత్-పాకిస్తాన్ యుద్ధం గుర్తొచ్చింది. శత్రు విమానాలకు ఊరు కనబడకుండా రాత్రిళ్లు వెలుతురు దాచేవారు, అదే బ్లాకౌట్.

వాళ్లను కదిపి చూడండి. భయం సంగతి చివర్లో వస్తుంది, ఒక్కోసారి అసలు రాదు. కిటికీలకు నల్ల కాగితాలు అతికించడం, బండ్ల హెడ్‌లైట్లకు సగం దాకా నల్లరంగు పూయడం, సైరన్ వినగానే దీపాలార్పి మంచాల కిందకి దూరడం, ఆ చీకట్లో దాగుడుమూతలు... నవ్వుతూ చెప్పుకుపోతారు. ఆ నవ్వును తప్పుపట్టలేం. పెద్దల మొహాల్లో ఎంత యుద్ధం కనబడితే పిల్లలకు అంతే తెలుస్తుంది.

అదే ఇంట్లో అమ్మమ్మలకు సైరన్ వేరేగా వినిపించి ఉంటుంది. రెండో ప్రపంచ యుద్ధంలో, 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. జనం మూటాముల్లె సర్దుకుని పల్లెలకు పోయారు. ఆ రోజులు చూసినవాళ్లకు చీకటి ఆట ఎలా అవుతుంది?

1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ సంగతి మరీ చిత్రం. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక సముద్రంలో పెద్ద పేలుడు, తీరం వెంట ఇళ్ల కిటికీలు అదిరాయి. మన విమానవాహక నౌక విక్రాంత్‌ను వెతుక్కుంటూ వచ్చిన ఘాజీ మునిగిందని జనానికి కొన్ని రోజుల తర్వాతే తెలిసింది. విక్రాంత్ అప్పటికే అండమాన్ వైపు వెళ్లిపోయింది. ఘాజీని మన యుద్ధనౌక ఐఎన్ఎస్ రాజ్‌పుత్ ముంచిందని మన నౌకాదళం అంటుంది, ప్రమాదమని పాకిస్తాన్ అంటుంది. ఇవాళ ఆ పేలుడు విన్నామనేవాళ్లు చాలామందే ఉన్నారు. నిజంగా విన్నవాళ్లెందరో, పేపర్లో చదివి విన్నట్టు గుర్తుపెట్టుకున్నవాళ్లెందరో! ఆ జలాంతర్గామిలో చనిపోయిన తొంభై పైచిలుకు మంది ఊసు మాత్రం ఆ జ్ఞాపకాల్లో తక్కువ.

డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగుబాటు. ఇక బ్లాకౌట్ లేదు, ఇంట్లో దీపం వెలిగించుకోవడమే పండగ. ఆ సంబరం విజయానిది. శాంతి అంత తొందరగా రాలేదు. రెండు దేశాల మధ్య సిమ్లా ఒప్పందం 1972 జులై 2న జరిగింది, ఆ రోజు ఏం చేశారని అడిగితే ఎవరికీ గుర్తుండదు. ఖైదీలుగా పట్టుబడిన 93 వేల మంది పాకిస్తానీయుల్లో ఆఖరివాళ్లు ఇల్లు చేరేసరికి 1974 ఏప్రిల్ అయింది. తూర్పు పాకిస్తాన్ (నేటి బంగ్లాదేశ్) నుంచి వచ్చిన కోటిమంది శరణార్థుల కోసం ఉత్తరాల మీద అదనంగా అంటించే 5 పైసల తపాలా బిళ్ల ఉండేది. యుద్ధానికి ముందే, 1971 నవంబరులో వచ్చింది. 13 రోజుల యుద్ధం ముగిశాక కూడా 1973 మార్చి దాకా అంటించాల్సి వచ్చింది. యుద్ధం ఎప్పటికి వదిలిందో తెలుసుకోవాలంటే నేనైతే ఆ బిళ్లనే సాక్ష్యానికి పిలుస్తాను.

విశాఖ బీచ్ రోడ్డులో విక్టరీ ఎట్ సీ స్మారకం ఉంది, కురుసుర జలాంతర్గామి మ్యూజియం ఉంది. ఏటా డిసెంబరు 4న నౌకాదళ దినోత్సవం. ఇవన్నీ నావికుల కథ చెబుతాయి, చెప్పాల్సిందే. ఊరి కథ మాత్రం ఇళ్లలోనే ఉండిపోయింది. 1942లో పిల్లలుగా ఉన్నవాళ్లు ఇప్పుడు తొంభైకి అటూ ఇటూ ఉన్నారు. కొన్నేళ్లు పోతే అడుగుదామన్నా మనిషి దొరకడు.

అడగాల్సినవి పెద్ద ప్రశ్నలేమీ కావు. దీపాలార్పాక ఇంట్లో ఎవరెవరు ఎక్కడ కూర్చున్నారు? గెలుపు వార్త ఎవరింటి రేడియోలో విన్నారు? నల్ల కాగితాలు ఎప్పుడు పీకేశారు? బియ్యం, కిరసనాయిలు మళ్లీ మామూలుగా ఎప్పుడు దొరికాయి? చరిత్ర విద్యార్థులు ఒక వేసవి సెలవుల్లో చేయగలిగిన పని ఇది. ఆంధ్ర విశ్వవిద్యాలయమే ముందు పూనుకోవాలి. 1942లో రెండో ప్రపంచ యుద్ధం మూలంగానే అది గుంటూరుకు తరలిపోయింది మరి.