కొండారెడ్డి బురుజు వీకంట

మా వీధిలో తెలుగు పండితుడిగా రిటైరైన అయ్యవారొకరున్నారు. ఉద్యోగమంతా పిల్లల నోటు పుస్తకాల్లో ఎర్ర సిరాతో తప్పులు దిద్దారు. ఆ ఉసురు ఊరికే పోతుందా? ఇప్పుడు మూడు నెలలకోసారి బ్యాంకు వెబ్‌సైటు ఆయన తప్పులు దిద్దుతోంది, ఎర్రక్షరాల్లోనే.

మొన్న మళ్లీ పాస్‌వర్డు గడువు తీరింది. కర్నూలు మనిషి కదా, 'కొండారెడ్డి బురుజు' అని ఇంగ్లీషులో కొట్టారు. 'వీక్' అంది. విజయనగర రాజుల నాటి బురుజు, 2009 వరదకే చెక్కుచెదరలేదు, అది వీకంట! పెద్దక్షరం లేదంది, పెట్టారు. అంకె కావాలంది, 2009 తగిలించారు. గుర్తేదీ అంది. కళ్లజోడు నుదుటికెత్తి వెతికి వెతికి చుక్క పెట్టారు. 'ఇది పాత పాస్‌వర్డు, చెల్లదు' అంది. పోయిన దసరాకూ ఈ దారినే ఇక్కడికే వచ్చారన్నమాట. ఇంకో రెండుసార్లు తప్పు కొట్టేసరికి ఖాతా లాకైంది.

ఈ పెద్దక్షరం, అంకె, గుర్తుల శాస్త్రాన్ని 2003లో అమెరికా ప్రమాణాల సంస్థలో కూర్చుని రాసిన బిల్ బర్, అందులో చాలావాటికి ఇప్పుడు బాధపడుతున్నానని 2017లో ఒప్పుకున్నాడు. కారణం లేకుండా మాటిమాటికీ మార్పించొద్దని ఆ సంస్థ కూడా అదే ఏడాది చెప్పింది. మనవాళ్లకు ఆ కబురు ఇంకా దారిలోనే ఉంది.

సరే, ఇద్దరం బ్రాంచికి పోయాం. కౌంటర్లో కుర్రాడు మర్యాదస్తుడే. "ఓటీపీ వచ్చిందా సార్? కాస్త గట్టిగా చెప్పండి, ఫ్యాను మోతలో వినపడట్లా." అయ్యవారు పద్యం చదివినట్టు అంకెలన్నీ విడివిడిగా చదివారు. పాస్‌బుక్కు ప్రింటుకు నిలబడ్డవాళ్లంతా విన్నారు. భుజం మీదుగా తొంగిచూసిన సెక్యూరిటీ గార్డు, "చివరిది మూడు కాదు సార్, ఎనిమిది" అని సవరించాడు కూడా. కుర్రాడి నెత్తి మీద పోస్టరు: 'ఓటీపీ ఎవరికీ చెప్పకండి, బ్యాంకు సిబ్బందికి కూడా.'

రేపు ఎవడో ఫోన్ చేసి "బ్యాంకు నుంచి సార్, ఓటీపీ చెప్పండి" అంటే అయ్యవారు చెబుతారు. చెప్పక? నేర్పింది మీరే! పింఛను ఊడ్చుకుపోయాక సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయమంటారు. రిజర్వు బ్యాంకు 2017 సర్క్యులర్ తీస్తారు. దాని ప్రకారం ఖాతాదారే గుట్టు బయటపెడితే, ఫిర్యాదు చేసేదాకా పోయిందంతా ఆయన నష్టమే. "చదువుకున్నవారు, ఎట్లా చెప్పారు సార్?" అని ఇదే కౌంటర్లో అడుగుతారు. ఆ మాట అనడానికి సిగ్గుండాలి. దొంగకు దారి తీసిపెట్టి, బుద్ధి ముసలాయనకు చెబుతారా?

కొత్త పాస్‌వర్డు కుర్రాడే పెట్టి, చీటీ మీద రాసి, పాస్‌బుక్కుకు పిన్ను కొట్టిచ్చాడు. కర్నూల్, అట్ ది రేట్, వన్ టూ త్రీ. వెబ్‌సైటు పచ్చక్షరాల్లో 'స్ట్రాంగ్' అని మెచ్చుకుంది. మా వెనకాల వచ్చిన పెద్దామె చీటీ మీదా అదే రాశాడు.