అమెరికాల ఎల్ఎల్‌సీ ఫారం మీరే నింపుకోండ్రి, వకీల్ పైసలు వేరే పనికి దాచుకోండ్రి

మన వరంగల్ సైడు నుంచి వచ్చినోళ్లకు ఒక అలవాటుంది, గవర్నమెంటు కాయిదం ఏదైనా సరే మన చేతితోని మనం నింపం, ఎవరో ఒకరు నింపి పెట్టాలె. హన్మకొండల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు డాక్యుమెంట్ రైటర్ లేకుంట పోయినోళ్లను నేనైతే చూడలే. ఇండియాల ఎల్ఎల్‌పీ (పార్ట్‌నర్లు కలిసి పెట్టుకునే సంస్థ) పెట్టాలన్నా అంతే, 2008 చట్టం ప్రకారం అడ్వకేటో సీఏనో కంపెనీ సెక్రటరీనో కాస్ట్ అకౌంటెంటో ఒకరు సంతకం పెట్టాల్సిందే, కాబట్టి అక్కడ మనిషిని పెట్టుకునుడు తప్పేం కాదు. అమెరికాల కూడ గదే రూల్ ఉంటదనుకొని మనోళ్లు చిన్న ఎల్ఎల్‌సీకి (లిమిటెడ్ లయబిలిటీ కంపెనీ, అంటే కంపెనీ అప్పులు మామూలుగ ఓనర్ల సొంత ఆస్తికి అంటని కంపెనీ) కూడ లాయర్ దగ్గరికి పోతరు చూడు, నా పంచాయితీ అంతా దాంతోనే.

పోయిన దసరాకు ఊరికి పోయినప్పుడు మా బావ గిదే ముచ్చట తీసిండు. కొత్తవాడల ఆయనకు తెల్సిన మగ్గాలోళ్లు ఉన్నరు, వరంగల్ దర్రీలకు 2018ల జీఐ ట్యాగ్ (ఫలానా ఊరి సరుకు అనే గుర్తింపు) కూడ వచ్చింది కదా, డాలస్ దగ్గర ఫ్రిస్కోల ఉండే ఆయన తమ్మునితోని కంపెనీ పెట్టించి అక్కడ అమ్మాలని ప్లాను. "ఒక వకీల్ వెయ్యి డాలర్ల పైన్నే అడుగుతుండట, జర తక్కువకు చేసేటోళ్లు ఉన్నరా?" అన్నడు. వకీలే అక్కర్లేదు బావా అంటే నమ్మడే.

టెక్సస్‌ల అయితే ఫారం 205, ఫీజు 300 డాలర్లు, సెక్రటరీ ఆఫ్ స్టేట్ వెబ్‌సైట్ల ఆన్‌లైన్‌ల కూడ అయితది. అందుల ముఖ్యంగ అడిగేది కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఏజెంట్ ఎవరు, నడిపేది మేనేజర్లా మెంబర్లా (మెంబర్లంటే ఓనర్లే), వాళ్ల పేర్లు అడ్రసులు, ఇంకా కింద సంతకం. కంపెనీ ఏం పని చేస్తదనే దగ్గర మాట ముందే ప్రింట్ అయ్యి ఉంటది. రిజిస్టర్డ్ ఏజెంట్ అంటే పెద్ద మనిషేం కాదు, కంపెనీకి వచ్చే కోర్టు కాయిదాలు తీసుకునేటోడు, ఆ రాష్ట్రంల అడ్రస్ ఉన్న మీరే ఉండొచ్చు, పోస్ట్ బాక్స్ మాత్రం నడవది. తప్పు పడితే ఎట్ల అంటరా, ఎక్కువసార్లు వాపస్ పంపి సరిచేయమంటరు, ఒకవేళ పాసైనంక మార్చాలంటే సవరణకు 150 డాలర్లు. తర్వాత ఈఐఎన్, అంటే కంపెనీ ట్యాక్స్ నంబర్, అది ఐఆర్ఎస్ (అమెరికా ట్యాక్స్ శాఖ) సైట్ల ఫ్రీ, దానికి కూడ పైసలు గుంజే సైట్లున్నయి, ఐఆర్ఎస్ సైటే అనుకొని అందుల కార్డు నంబర్ కొట్టేటోళ్లున్నరు మనోళ్లల్ల.

ఇంకోటి, డెలావేర్ రాష్ట్రం పిచ్చి. ఎవరో చెప్పిండ్రని అక్కడ పెడతరు, 110 డాలర్లే కదా అని. ఏటా జూన్ 1 లోపల 300 కట్టాలె, మల్ల మీ వ్యాపారం నడిచేది టెక్సస్‌ల అయితే ఇక్కడ ఫారిన్ ఎల్ఎల్‌సీగా (అంటే వేరే రాష్ట్రంల పెట్టిన కంపెనీగా) రిజిస్టర్ చేయాలె, దానికి ఇంకో 750. ఇంటి దగ్గర దర్రీలు అమ్ముకునేటోనికి డెలావేర్ ఎందుకు? కాలిఫోర్నియాల ఉన్నోళ్లు మాత్రం ఏటా 800 డాలర్ల పన్ను ఉంటదని గుర్తు పెట్టుకోండ్రి, న్యూయార్క్‌ల అయితే రెండు పేపర్లల్ల ఆరు వారాలు ప్రకటన ఇయ్యాలె. బెనిఫిషియల్ ఓనర్‌షిప్ రిపోర్ట్ (అసలు ఓనర్లెవరో గవర్నమెంటుకు చెప్పే కాయిదం) చేసి పెడతమని ఎవరన్న పైసలడిగితే ఇయ్యకుండ్రి, అమెరికాల పెట్టిన కంపెనీలకు అది 2025 మార్చి నుంచి లేదు.

ఇంత సులువైన ఫారంకు వెయ్యి డాలర్లు ఇచ్చేటోళ్లే అసలు చిక్కున్న దగ్గర ఒక్క రూపాయి పెట్టరు. బావ కేసే చూడుండ్రి. తమ్మునిది హెచ్1బీ, అంటే ఉద్యోగం ఇచ్చిన కంపెనీ మీద వచ్చిన వీసా, సొంత కంపెనీల వాటా ఉంటే పర్వాలేదు గని అందుల పని చేసుడు వేరే లెక్క, ఆర్డర్లు చూసుడు, ప్యాకింగ్ చేసుడు పనే కదా అని ఇమిగ్రేషన్ వాళ్లు అడిగితే ఏం చెప్తడు? గిది లాయర్‌ను అడగాలె, గంటకు ఎంత తీసుకున్నా సరే. బావేమో హన్మకొండల కూసొని సగం వాటా కావాలంటడు, అంటే ఇటు ఫెమా (ఇండియా విదేశీ మారక చట్టం) రూల్స్, అటు అమెరికాల విదేశీ పార్ట్‌నర్ ట్యాక్స్ కోతలు, పైంగ ఎస్ కార్పొరేషన్‌గ (అమెరికాల ఒక ట్యాక్స్ పద్ధతి) మార్చుకునే దారి కూడ బందు అయితది. మొత్తం కంపెనీ బావ ఒక్కని పేరు మీదనే పెడితే ఇంకో తంటా, విదేశీ ఓనర్ లావాదేవీలు చెప్పే ఫారం 5472 ఏటా వేయాలె, మర్చిపోతే జరిమానా 25,000 డాలర్లు.

నేనేమన్ననంటే, బావా నువ్వు మెంబర్‌వు కాకు, సరుకు పంపేటోనివి కా. ఇండియాల ఎగుమతికి ఐఈసీ కోడ్ (ఎగుమతి దిగుమతులకు కావాల్సిన నంబర్) తీసుకో, అది డీజీఎఫ్‌టీ (విదేశీ వ్యాపారం చూసే గవర్నమెంటు ఆఫీసు) సైట్ల 500 రూపాయలకు నువ్వే తీసుకోవచ్చు, తమ్మునితోని కొనుగోలు ఒప్పందం రాసుకో, రేటెంత, పైసలు ఎన్ని దినాలకు, చినిగిన దర్రీ ఖర్చు ఎవరిది. "అన్నదమ్ములం, కాయిదాలేంది?" అన్నడు. ఇద్దరు కలిసి మెంబర్లుగ ఉండాలనుకుంటే ఆపరేటింగ్ అగ్రిమెంట్ (మెంబర్లు తమల తాము రాసుకునే ఒప్పందం) లేకుంట అస్సలు వద్దు, అది రాసుకోకపోతే ఆ రాష్ట్ర చట్టంల ఏముంటే అదే మీకు వర్తిస్తది, మీరు చాయ్ తాగుకుంట అనుకున్నది కాదు. ఎవరు ఎంత పెట్టిండ్రు, ఒకలు తప్పుకుంటే వాటా ధర ఎట్ల కడతరు, ఎవరన్న పోతే ఆ వాటా భార్యకు పోతదా, బ్యాంకుల దస్తఖత్ ఎవరిది, ఇవి లాయర్ దగ్గర కూసొని రాయించుకునేటియి. లాయర్ అక్కర్లేదని గింతసేపు చెప్పిన నేనే ఇక్కడ మాత్రం కావాలంటున్న.

లిమిటెడ్ లయబిలిటీ అని ఉంది కాబట్టి నా ఇల్లు సేఫ్ అనుకునేటోళ్లకు ఒక మాట: షాపు లీజు మీద పర్సనల్ గ్యారంటీ సంతకం పెడితే ఆ అప్పు మీదే, కంపెనీ కార్డుతోని ఇంటికి సామాన్లు కొంటే రేపు కోర్టుల కంపెనీ వేరు నేను వేరు అని నిలబడుడు కష్టం. ఎల్ఎల్‌సీ వచ్చిన మొదటి దినం వేరే బ్యాంక్ అకౌంట్ తెరువుండ్రి.

కంపెనీ రిజిస్టర్ అయిన వారాలల్లనే గవర్నమెంటు ముద్రలెక్క కనబడే ఉత్తరాలు వస్తయి, సర్టిఫికెట్ కొనమని, పోస్టర్లు కొనమని. కింద చిన్న అక్షరాలల్ల మేం గవర్నమెంటు కాదని రాసి ఉంటది, చెత్తబుట్టల వేయుండ్రి. టెక్సస్‌ల నిజంగ కావాల్సింది ఏటా మే 15 లోపల రాష్ట్రానికి ఇయ్యాల్సిన రిపోర్టు. ఇద్దరు మెంబర్లు ఉంటే పార్ట్‌నర్‌షిప్ ట్యాక్స్ రిటర్న్, ఫారం 1065, మార్చి 15కు వేయాలె, ఆలస్యం అయితే మెంబర్‌కింత, నెలకింత అని జరిమానా పడతది, లాభం రాలేదంటే వినరు. లాయర్‌కు ఇద్దామనుకున్న దాంట్ల నుంచి కొంత సీపీఏకు (మన సీఏ లెక్క అమెరికా అకౌంటెంట్) పక్కన పెట్టుకోండ్రి.