తనిఖీ టేపు గారికి విన్నపం

మహారాజశ్రీ కొలత టేపు గారి సముఖానికి,

ఒక ప్రైవేటు ఐటీఐ నడుపుకుంటున్నవాడు రాసుకునే విన్నపం. ఉభయకుశలోపరి. మా ఎలక్ట్రీషియన్ వర్క్‌షాప్ క్షేమంగానే ఉంది. పోయినసారి మీరు ధ్రువీకరించి వెళ్ళిన 98 చదరపు మీటర్లలో ఒక్కటి కూడా తరగలేదు. మీ ఒంట్లో ఎలా ఉంటోంది? ఊరూరా తిరిగి ప్రతి గోడ దగ్గరా వంగి లేస్తుంటారు కదా, నడుము జాగ్రత్త.

మీ పెద్దరికం తెలియనివాణ్ణి కాను. ఈ దేశంలో ఐటీఐలు నడిచే చేతిపనివాళ్ళ శిక్షణ పథకం (క్రాఫ్ట్స్‌మెన్ ట్రైనింగ్ స్కీమ్) 1950లో మొదలైంది. సర్టిఫికెట్ల మీద ముద్ర వేయడానికి 1956లో ఒక జాతీయ మండలి వచ్చింది. ఆ తర్వాత ఎన్ని మారలేదు! కార్మిక శాఖ కింద ఉన్న ఐటీఐలు నైపుణ్యాభివృద్ధి శాఖ కిందికి వెళ్ళాయి. పాత మండలి స్థానంలో కొత్త మండలి 2020లో పని మొదలుపెట్టింది. 2013లో వార్షిక పద్ధతి తీసేసి సెమిస్టర్లు పెట్టారు. 2018లో సెమిస్టర్లు తీసేసి మళ్ళీ వార్షిక పద్ధతి పెట్టారు. 2022లో ఏడాదికి 1600 గంటలుగా ఉన్న శిక్షణను 1200 గంటలకు కుదించారు. ఇన్ని వచ్చినా, ఇన్ని పోయినా స్థానభ్రంశం లేనివారు మీరొక్కరే. మీరు చుట్ట విప్పితే సంస్థ పుడుతుంది, చుట్టుకుంటే ఆగిపోతుంది. బ్రహ్మదేవుడికి కూడా ఇంత స్పష్టమైన అధికార పరిధి లేదు.

మీ దర్శనం అయ్యేలోపు మాబోటివాళ్ళు పడే తపస్సు మీకు చెప్పాలని చాలాకాలంగా ఉంది. ముందు ఒక ట్రస్టో సొసైటీయో పెట్టుకోవాలి. అందులో సభ్యులుగా ఉండటానికి బంధువులు కావాలి, కానీ వాళ్ళు సమావేశాలకు రాకూడదు. తర్వాత స్థలం పత్రమో లీజు పత్రమో, భవనం ప్లాను, అగ్నిమాపక శాఖ అనుమతి, త్రీఫేజ్ కరెంటు. ఆ తర్వాత యంత్రాలు కొనాలి, జాబితాలో ఉన్నవన్నీ ఉన్న సంఖ్యలోనే. బోధకుణ్ణి కూడా ముందే పెట్టుకుని జీతం మొదలుపెట్టాలి. ఇదంతా అయ్యాక, ఒక్క విద్యార్థి కూడా లేని వర్క్‌షాప్‌లో, మీ కోసం ఎదురుచూడాలి. తరగతులు మొదలయ్యేది ఆగస్టులో. అఫిలియేషన్ (గుర్తింపు) ఉత్తర్వు ప్రవేశాలు ముగిశాక చేతికొస్తే, లేత్ మెషీన్‌కు గ్రీజు పూసుకుంటూ, బ్యాంకుకు వడ్డీ కట్టుకుంటూ, మరో ఆగస్టు దాకా కూర్చోవాలి. గ్రీజు ఖర్చు ఏ పద్దులో రాయాలో మా ఆడిటర్ ఇప్పటికీ తేల్చలేదు.

సరే, నియమాలుండాలి. చీకటి గదిలో పిల్లలను కూర్చోబెట్టి వెల్డింగ్ నేర్పిస్తానంటే ఎవరు ఒప్పుకుంటారు? నాకు ఆ విషయంలో మీతో పేచీ లేదు. నా సందేహం వేరే. 2007 తర్వాతి పదేళ్ళలో ప్రైవేటు ఐటీఐలు వేల సంఖ్యలో పుట్టుకొచ్చాయి. ఇవాళ దేశంలో ఉన్న దాదాపు 15 వేల ఐటీఐల్లో నాలుగింట మూడు వంతులకు పైగా ప్రైవేటువే. పార్లమెంటు స్థాయీ సంఘం వీటి సంగతి ఆరాతీసి, చిన్న చిన్న దుకాణాల్లో, నేలమాళిగల్లో, రేకుల షెడ్లలో, గోదాముల్లో నడుస్తున్నవి ఉన్నాయని తప్పుపట్టింది. మరి వాటన్నిటికీ అఫిలియేషన్ వచ్చింది కదా! మీరు లేకుండా వచ్చి ఉండదు కదా! ఆ నేలమాళిగలో మీరు ఏ మూల నుంచి ఏ మూలకు సాగారో, సాగినప్పుడు ఎంత సాగారో తెలుసుకోవాలని ఉంది. ఉక్కు వేడికి సాగుతుందని మా పిల్లలకు చెబుతాం. వేడి ఒక్కటే కారణమని పుస్తకంలో ఉంది, అందుకని అంతవరకే చెబుతాం.

యంత్రాల సంగతి కూడా కాస్త మాట్లాడుకుందాం, మీకు కోపం రాదంటే. కొన్ని లేత్ మెషీన్లు ఉన్నాయి. అవి పుట్టిన దగ్గర నుంచి ఇనుము తరిగి ఎరగవు. తనిఖీ ముందు రోజు లారీలో దిగుతాయి, మీరు వెళ్ళిన మర్నాడు ఇంకో సంస్థకు బయలుదేరతాయి. పెళ్ళిచూపుల నాటి అరువు నగకైనా కాస్త సిగ్గు ఉంటుంది. వీటికి అదీ లేదు, పైగా పచ్చ రంగు ఎప్పుడూ కొత్తగా మెరుస్తుంటుంది. మా లేత్ మాత్రం పాపం అక్కడే ఉండి, రోజూ పని చేసి, రంగు పోగొట్టుకుంది. పోయినసారి తనిఖీలో దాన్ని చూసి "పాతబడినట్టుంది" అని రాశారు. ఎక్కడికీ వెళ్ళనిదానికి పాతబడటం తప్ప వేరే దారి ఏముంటుంది?

మనుషుల సంగతి ఇంకా విచిత్రం. మా దగ్గర ఒక వెల్డింగ్ మేస్త్రి గారున్నారు. బాయిలర్ల మీద జీవితం గడిపిన మనిషి. పిల్లవాడు వెల్డింగ్ రాడ్డుతో ఆర్క్ కొడుతున్నప్పుడు వెనక్కు తిరిగి నిలబడి, చప్పుడు విని, రాడ్డు దూరమైందో దగ్గరైందో చెప్పేస్తారు. అయితే ఆయనకు బోధకుల శిక్షణ సర్టిఫికెట్ లేదు కనుక రికార్డుల్లో ఆయన సహాయకుడు. సర్టిఫికెట్ ఉన్న బోధకుడు మాకు వేరే ఉన్నాడు. మంచి కుర్రాడే. రోజూ వస్తాడు, మేస్త్రి గారి దగ్గర నేర్చుకుంటాడు. అలా వచ్చేవాణ్ణి దొరకబుచ్చుకోవడానికి ఎన్ని తిప్పలు పడ్డానో! ఇంటర్వ్యూకు వచ్చినవాళ్ళలో ఒకాయన సర్టిఫికెట్ నకలు బల్ల మీద పెట్టి, "నేను రానక్కరలేదు కదండీ?" అన్నాడు. ఆ సర్టిఫికెట్ ఇప్పటికే ఎన్ని సంస్థల గోడల మీద వేలాడుతోందో ఆయనకే తెలియాలి.

అదే ప్రశ్న తల్లిదండ్రులూ అడుగుతారు. "మావాడు రోజూ రావాలంటారా, పరీక్షలకు వస్తే చాలునా?" వాళ్ళను తప్పుపట్టలేను. కరెంటు సంస్థలో జూనియర్ లైన్‌మన్ పోస్టుకు ఐటీఐ సర్టిఫికెట్ కావాలి. రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్ పోస్టుకూ పనికొస్తుంది. నోటిఫికేషన్‌లో కాగితం ఉందా అనే ఉంటుంది, చెయ్యి తిరిగిందా అని ఉండదు. పరీక్ష రాయాలంటే 80 శాతం హాజరు ఉండాలని నియమం ఉంది. ఉంది కనుకనే కొన్ని సంస్థల్లో వాన రోజున, బంద్ రోజున, పండగ మర్నాడు కూడా పిల్లల హాజరు నిండుగా ఉంటుంది. మా దగ్గర పదో తరగతి పాసై వచ్చిన పిల్లవాడు వరినాట్ల రోజుల్లో మానేస్తే మానేశాడనే రాస్తాం. అందువల్ల కాగితం మీద చూస్తే మా సంస్థే క్రమశిక్షణ లేనిది. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల గురించి మీకు చెప్పి లాభం లేదు. అవి మీరు కొలిచే ప్రమాణాల్లో ఇమడవు.

అసలు విన్నపానికి వస్తాను. మీరు వస్తున్నారని తెలియగానే మేము చేసే మొదటి పని తుక్కు ఎత్తించడం. తుక్కు కనబడితే "వర్క్‌షాప్ శుభ్రంగా లేదు" అని రాస్తారని భయం. కానీ మహాప్రభూ, వర్క్‌షాప్‌లో జరిగిన చదువంతా ఆ తుక్కులోనే ఉంటుంది. ఫిట్టర్ ట్రేడ్‌లో చేరిన పిల్లవాడు మొదట చేసే పని ఇనుప ముక్కను ఆకురాయితో చదును చేయడం. అరుగుతుంది కానీ చదును కాదు. మూలమట్టం ఆనించి వెలుతురుకు ఎత్తి చూస్తే సందులోంచి వెలుగు కనబడుతుంది. మళ్ళీ రుద్దాలి. అలా రుద్ది రుద్ది, ముక్క చిన్నదైపోయి, పారేసి, ఇంకో ముక్క తెచ్చుకోవాలి. చేతులు బొబ్బలెక్కాక ఎప్పుడో ఒక రోజు ఆ వెలుగు కనబడటం మానేస్తుంది. వెల్డింగ్‌లోనూ అంతే. మొదటి రోజుల్లో రాడ్డు ప్లేటుకు అతుక్కుపోతుంది, లాగితే పూత రాలిపోతుంది. తర్వాత తర్వాత రెండంగుళాల ముక్క మిగిలేదాకా కాల్చడం వస్తుంది. మా మేస్త్రి గారు రోజు చివర ఆ ముక్కలు ఏరించి చూస్తారు. పొడుగు ముక్కలు ఎన్ని ఉన్నాయో చూసి ఎవరికి ఎంత వచ్చిందో చెప్పేస్తారు.

నా సంస్థ ఖర్చుల్లో అద్దె తర్వాత పెద్దది రాడ్లదీ ఇనుముదీ. పని నేర్పని సంస్థకు ఆ ఖర్చే లేదు. వాళ్ళ నేల తళతళలాడుతుంది, యంత్రం మెరుస్తుంది, ఆకురాళ్ళు కొన్నప్పటి నూనె కాగితంలోనే ఉంటాయి. మీరు వెళ్ళి కొలిస్తే వాళ్ళూ నేనూ సమానం. ఇంకా నిజం చెప్పాలంటే వాళ్ళే ఒక మెట్టు పైన.

ఇంకో సంగతి కూడా మీ చెవిన వేయాలి. పోయినసారి మీతో వచ్చిన అధికారి ఒకరు మీ కొసన ఉన్న కొక్కెం పట్టుకుని కదిలించి, "ఇది వదులైపోయింది, కొలత తప్పు వస్తుందేమో" అని బెంగపడ్డారు. పక్కన నిలబడ్డ మా రెండో ఏడాది ఫిట్టర్ పిల్లవాడు నోరు ఆపుకోలేక, "అది కావాలనే వదులుగా పెడతారు సార్" అన్నాడు. గోడకు ఆనించి కొలిస్తే కొక్కెం లోపలికి జరుగుతుందనీ, అంచుకు తగిలించి లాగితే బయటికి జరుగుతుందనీ, ఆ జరిగేది సరిగ్గా కొక్కెం మందమంతేననీ, అందుకే రెండు రకాలుగా కొలిచినా లెక్క ఒకటే వస్తుందనీ వివరించాడు. మీలో కనిపించే అతి చిన్న గీత 1 మిల్లీమీటరు. ఆ పిల్లవాడు వెర్నియర్ అనే సూక్ష్మ కొలత పరికరం మీద 0.02 మిల్లీమీటర్ల దాకా చదువుతాడు. అధికారి గారు తల పంకించి, మెచ్చుకుని, కిటికీ వెడల్పు రాసుకుని వెళ్ళిపోయారు. ఆయన దగ్గరున్న ఫారంలో కిటికీకి గడి ఉంది.

కనుక మళ్ళీ వచ్చేటప్పుడు కాటా గారిని కూడా వెంటబెట్టుకు రండి. మా కాలిన రాడ్డు ముక్కలను తూచమనండి, ఆకురాయి పొడిని తూచమనండి, పాడుచేసిన ఇనుప ముక్కలను లెక్కపెట్టమనండి. తర్వాత పక్క సంస్థకు వెళ్ళి అక్కడా తూచమనండి. తూచడానికి ఏమైనా దొరికితే. మీరు ఎప్పుడొస్తారో ముందే తెలిసినా సరే, ఈసారి మాత్రం నేను ఊడ్పించను.

ఇట్లు,
మీ కొలతకు సరిపోయిన ఒక ఐటీఐ నిర్వాహకుడు