స్మార్ట్ వాచీ గారికి, ఒక పగిలిన కాలు రాయునది

మహారాజశ్రీ వాచీ గారి సముఖమునకు,

ఇచ్చట నా కుడికాలు క్షేమం కాదు. అచ్చట, అంటే నా ఎడమ ముంజేతి మీద, తమరు ఎనభై శాతం ఛార్జింగుతో క్షేమమని తలుస్తాను.

నిన్న ఎముకల డాక్టరు గారు ఎమ్మారై ఫిల్ము చూపిస్తూ, మోకాలి కింద ఎముకలో సన్నటి పగులుంది, స్ట్రెస్ ఫ్రాక్చరు, ఆరేడు వారాలు పరుగు ఊసెత్తొద్దు అంటున్నారు. సరిగ్గా అప్పుడే తమరు బుర్రుమని, "చాలాసేపటి నుంచి కూర్చున్నారు, లేచి కదలండి!" అని సెలవిచ్చారు. డాక్టరు గారు పగలబడి నవ్వారు. ఫీజు మాత్రం తగ్గించలేదు.

పదివేల అడుగుల సంగతి ఎత్తను. 1965లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే మిషను అమ్ముకోవడానికి పుట్టిన అంకె అది, ఏ వైద్యుడూ రాసిచ్చింది కాదు. అయినా దానికోసం అర్ధరాత్రి బాల్కనీలో పచార్లు చేయించారు. పక్క ఫ్లాటు పెద్దావిడ దొంగనుకుని లైటేసింది. పోనీ, వదిలేశాను.

వదల్లేనిది ఒక్కటే. తమరికి అంతా తెలుసు. పొద్దున లేచేసరికి నా నాడి మామూలు కంటే ఎక్కువ కొట్టుకుంటోందని గీత గీసింది తమరే. నిద్ర పలచబడిందని రంగులేసి చూపించిందీ తమరే. అదే రోడ్డు, అదే దూరం, వేగం తగ్గి ఆయాసం పెరిగిందన్న లెక్కా తమ దగ్గరే ఉంది. ఒళ్లు కోలుకోకముందే మళ్లీ మళ్లీ శ్రమ పెడుతున్నామనడానికి గుర్తులు ఇవే కదా! ఎముకైనా కండరమైనా గట్టిపడేది పరుగు తర్వాత దొరికే విశ్రాంతిలో. అన్నీ దగ్గరుంచుకుని తమరన్నదేమిటి? "గత వారం కంటే వెనకబడ్డారు. ఇంకొంచెం ప్రయత్నించండి!"

జ్వరమొచ్చినా స్ట్రీకు, అంటే రోజూ మానకుండా పరిగెత్తిన రోజుల వరస, తెగకూడదు. పెళ్లికెళ్లినా తెగకూడదు. మా ఊళ్లో అమావాస్యనాడు ఎద్దుకి కూడా అరక కట్టరు. నీ క్యాలెండర్లో అమావాస్యే లేదేమయ్యా? గంటగంటకీ నీళ్లు తాగమంటావు. గాలి పీల్చుకోమని కూడా గుర్తుచేస్తావు, అదేదో నాకు చేతకానట్టు! "నాడి బాగాలేదు, ఇవాళ్టికి పడుకో" అనడానికి మాత్రం నోరు రాలేదా?

సర్లే. టైమెంతయిందో చెప్పు, మాత్ర వేసుకోవాలి.